బీప్ వినగానే ర్యామ్ మార్చమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

'కంప్యూటర్ ఆన్ చేస్తే బీప్ బీప్ అంటోంది, డిస్‌ప్లే రావడం లేదు' అని ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు మీ సాంకేతిక శీర్షికలో ఇచ్చిన జవాబు గురించి ఈ ఉత్తరం. ఎన్ని బీప్‌లు వస్తే ఏ భాగం చెడిపోయినట్టో ఒక పట్టిక వేసి, చివర్లో 'ర్యామ్ పోయింది, కొత్తది వేయించండి' అని తేల్చేశారు. పట్టికలోని అంకెలు కల్పించినవేమీ కావు. అవి ఏ బయాస్‌కు (ఆన్ చేయగానే కంప్యూటర్‌ను లేపే, మదర్‌బోర్డులోని తొలి ప్రోగ్రాముకు) వర్తిస్తాయో రాయకపోవడంతోనే చిక్కు వచ్చింది. ఇక 'ర్యామ్ పోయింది' అన్న తీర్పు మాత్రం తొందరపాటే. ఆ బీప్ మెమరీ, అంటే ర్యామ్ గురించే అనుకున్నా, మెమరీ అందడం లేదని మాత్రమే అది చెబుతుంది. ర్యామ్ పలక, అదే స్టిక్, సరిగా కూర్చోకపోయినా, స్లాట్‌లో దుమ్ము చేరినా, ప్రాసెసర్ కింద ఒక పిన్ను వంగినా వినిపించేది అదే శబ్దం.

ముందు పట్టిక సంగతి. ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లనే తీసుకోండి. పాత అవార్డ్ బయాస్‌లో వాటి అర్థం డిస్‌ప్లే కార్డులో తేడా అని. మీ పట్టికలోనూ అలాగే ఉంది. అదే ఆసుస్ బోర్డులో వస్తే మెమరీ దొరకలేదని అర్థం. డిస్‌ప్లే కార్డు దొరకకపోతే ఆసుస్ బోర్డు ఒక పొడవు, మూడు పొట్టి బీప్‌లు కొడుతుంది. మీ పట్టికను నమ్ముకున్న ఆసుస్ బోర్డు యజమాని ర్యామ్ వైపు చూడకుండా గ్రాఫిక్స్ కార్డు పీకి పెడుతూ కూర్చుంటాడు. పాత ఏఎంఐ బయాస్‌లో 1, 2, 3 పొట్టి బీప్‌లు మూడూ మెమరీకి సంబంధించినవే: 1 అయితే రిఫ్రెష్ వైఫల్యం, 2 అయితే పారిటీ తప్పు, 3 అయితే మొదటి 64 కేబీ మెమరీలో లోపం. కానీ చాలా బోర్డుల్లో ఒకే ఒక పొట్టి బీప్ వచ్చి సిస్టమ్ మామూలుగా లేస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. డెల్ పాత డెస్క్‌టాప్‌లలో 2 బీప్‌లు వస్తే ర్యామ్ దొరకలేదని, 4 వస్తే ర్యామ్ ఉంది గానీ చదవడం, రాయడం కుదరడం లేదని. ఫీనిక్స్ బయాస్ 1-3-1-1 లాగా విడివిడి గుంపులుగా కొడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లలో 5 సెకన్లకు ఒకసారి ఒక్క శబ్దం వస్తుంటే ర్యామ్ లేదని, వరసగా మూడు శబ్దాలు వచ్చి 5 సెకన్లు ఆగి మళ్లీ మొదలైతే ఉన్న ర్యామ్ పరీక్షలో తప్పిందని లెక్క. కాబట్టి బోర్డు మోడల్ తెలియకుండా బీప్‌లు లెక్కపెట్టి లాభం లేదు. మోడల్ పేరు మదర్‌బోర్డు మీదే, సాధారణంగా ర్యామ్ స్లాట్‌లకో గ్రాఫిక్స్ స్లాట్‌కో దగ్గర్లో పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. బ్రాండెడ్ సిస్టమ్ అయితే క్యాబినెట్ వెనకో, ల్యాప్‌టాప్ అడుగునో స్టిక్కర్ ఉంటుంది. ఆ మోడల్ మాన్యువల్‌లో ఏముంటే అదే ప్రమాణం.

శబ్దాన్ని చెవితో విని గుర్తుపెట్టుకోవడం కన్నా ఫోన్‌లో రికార్డు చేసుకోవడం మేలు. కొన్ని బోర్డులు ఆగకుండా అదే వరసను తిరగేస్తుంటాయి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో రెండు మూడు సార్లు వింటే గానీ తెలియదు. 'పొడవు పొట్టి పొట్టి' వరసను మధ్యలోంచి వింటే 'పొట్టి పొట్టి పొడవు' అనిపిస్తుంది. ఇంకో చిన్న జాగ్రత్త: ముందు కీబోర్డు వైరు పీకి చూడండి. ఏదో పుస్తకం అంచు మీదపడి మీట నొక్కుకుపోయి ఉన్నా కొన్ని బోర్డులు బీప్ కొడుతూనే ఉంటాయి.

అసలు బీప్ ఎందుకో తెలిస్తే అనుమానితుల జాబితా చాలావరకు తగ్గిపోతుంది. పవర్ బటన్ నొక్కగానే బయాస్ తన సొంత పరీక్ష మొదలుపెడుతుంది. తెర మీద ఒక్క అక్షరం కనబడాలన్నా ముందు మెమరీ పనిచేయాలి, ఆపైన డిస్‌ప్లే లేవాలి. ఈ రెండింటిలో ఏది ఆగిపోయినా ఆ విషయం చెప్పడానికి బయాస్‌కు మిగిలేది స్పీకర్ ఒక్కటే. అందుకే తెర నల్లగా ఉండి బీప్‌లు వస్తుంటే ఎక్కువ భాగం మెమరీ, డిస్‌ప్లేల చుట్టూనే వెతకాలి. విండోస్ దాకా ఇంకా పోనేలేదు కనుక ఆ దశలో ఫార్మాట్ కొట్టిస్తే ఒరిగేదేమీ లేదు. హార్డ్ డిస్క్ మార్చినా అంతే.

మీ జవాబులో లేని ఇంకో సంగతి ఉంది. ఇప్పుడొచ్చే క్యాబినెట్లలో చాలావాటికి స్పీకరే ఉండదు. బీప్ వినిపించలేదంటే లోపం లేదని కాదు, చెప్పే నోరు లేదంతే. మదర్‌బోర్డు అంచున స్పీకర్ అనో ఎస్‌పీకేఆర్ అనో రాసి ఉన్న 4 పిన్నుల చోట చిన్న బజర్ తగిలిస్తే బోర్డు మాట్లాడటం మొదలుపెడుతుంది. ఎర్ర వైరు ప్లస్ వైపు ఉండాలి. కొత్త బోర్డుల్లో బీప్‌కు బదులు సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (మెమరీ), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏ లైటు వెలిగి ఆగిపోతే చిక్కు అక్కడే. రెండంకెల కోడ్ చూపే బోర్డుల్లో ఏఎంఐ బయాస్ అయితే 55 అంటే మెమరీ అమర్చలేదని. డెల్ ల్యాప్‌టాప్‌లలో లైటు నారింజ రంగులో 2 సార్లు, తెల్లగా 3 సార్లు మెరిస్తే ర్యామ్ దొరకలేదని, 2-4 అయితే ర్యామ్ చెడిందని, 2-5 అయితే సరిపడని ర్యామ్ వేశారని అర్థం.

డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ ఉన్న సిస్టమ్‌ల విషయంలో తొందరపడకూడదు. కొత్తగా ర్యామ్ వేసినప్పుడు, బయాస్ సెట్టింగులు చెరిపినప్పుడు బోర్డు ఆ స్టిక్‌లకు సరిపడే టైమింగ్‌లను తనే వెతుక్కుంటుంది. దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. కొన్ని నిమిషాలు, ర్యామ్ ఎక్కువగా ఉంటే ఇంకాసేపు పడుతుంది. డిస్‌ప్లే రాలేదని మధ్యలో కరెంటు తీసేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. ర్యామ్ పనికిరాదని వెనక్కి ఇచ్చేయబోయే ముందు కనీసం పావుగంట దాన్ని దాని మానాన వదిలేయండి.

ఇక ర్యామ్ తీసి మళ్లీ పెట్టడం. చెప్పడానికి ఒక్క ముక్కే గానీ తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. షట్‌డౌన్ చేస్తే చాలదు. ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌కు కరెంటు సరఫరా చేసే పెట్టెకు) కరెంటు అందుతున్నంతసేపూ బోర్డు మీద 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఉంటూనే ఉంటుంది. ఆ స్థితిలో స్టిక్ పీకితే బాగున్నది కూడా పోవచ్చు. అందుకని వైరు పూర్తిగా తీసేసి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కిపట్టాలి. ల్యాప్‌టాప్ అయితే అడుగు మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ విప్పాలి. ర్యామ్‌ను ముట్టుకునే ముందు పెయింటు లేని క్యాబినెట్ లోహానికి చేయి తాకిస్తే ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. స్టిక్‌ను అంచులు పట్టుకునే తీయాలి. బంగారు పూత ఉన్న కాంటాక్టుల మీద వేళ్లు పెట్టకూడదు.

పెట్టేటప్పుడు ముందు గాడి, స్లాట్‌లోని గట్టు కలిశాయో లేదో చూడాలి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి ఉండే చోటు వేరు, ఒకదాని చోట ఒకటి దిగదు. దిగలేదని బలం పెడితే స్లాట్ పగులుతుంది. గాడి కలిశాక రెండు చివరలా రెండు బొటనవేళ్లతో సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని వాటంతటవే మూసుకోవాలి. చాలా కొత్త బోర్డుల్లో స్లాట్‌కు ఒక చివరే క్లిప్పు ఉంటుంది. క్లిప్పు ఉన్న వైపు టక్కుమనగానే అయిపోయిందనుకుంటారు, రెండో చివర మిల్లీమీటరు పైకే ఉండిపోతుంది. ఆ మిల్లీమీటరే బీప్. పెట్టాక తల వంచి పక్కనుంచి చూడండి: స్టిక్ పై అంచు స్లాట్‌కు సమాంతరంగా ఉండాలి, కింద బంగారు గీత ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనబడకూడదు. సగం దిగిన స్టిక్‌తో కరెంటు ఇస్తే కాంటాక్టులు మాడి నల్లమచ్చ పడే ప్రమాదం కూడా ఉంది. ల్యాప్‌టాప్ ర్యామ్‌ను సుమారు 30 డిగ్రీల వాలులో కాంటాక్టులు కనబడనంత లోపలికి తోసి, ఆ తర్వాతే కిందికి వంచాలి. పూర్తిగా తోయకుండా వంచినా పక్క క్లిప్పులు పట్టేస్తాయి, అందుకే చూడ్డానికి బాగానే ఉన్నట్టు కనబడుతుంది.

రబ్బరుతో రుద్దడం గురించి. ర్యామ్ బీప్ అనగానే పెన్సిల్ రబ్బరు చేతికి రావడం మన దగ్గర అలవాటైపోయింది. అది పనిచేయదని కాదు, చాలాసార్లు పనిచేస్తుంది. అందులో సగం గొప్పతనం రబ్బరుది కాదు, స్టిక్ తీసి మళ్లీ పెట్టడానిది. కాంటాక్టుల మీది బంగారు పూత ఒక మైక్రాన్‌కు మించని పొర. గరుకు రబ్బరుతో రుద్దిన ప్రతిసారీ అది కాస్త అరుగుతుంది. పూత పోయిన చోట కింది నికెల్, రాగి బయటపడి చిలుము మరింత వేగంగా పడుతుంది. రాలిన రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నూగు రాలని గుడ్డకు తడిపి తుడవడం సరైన పద్ధతి. అది పూర్తిగా ఆరాకే స్టిక్ పెట్టాలి. రబ్బరే గతి అయితే మెత్తని తెల్ల రబ్బరుతో తేలిగ్గా ఒకటి రెండు సార్లు, పొడి దులిపి. నీలం రంగు ఇంకు రబ్బరు, ఉప్పుకాగితం వద్దే వద్దు. స్లాట్‌ను బ్రష్‌తో, గాలితో శుభ్రం చేయాలి. నోటితో ఊదితే తేమ చేరుతుంది.

శుభ్రం చేసినా బీప్ ఆగకపోతే ఏరివేత మొదలుపెట్టాలి. ఒక్క స్టిక్ ఉంచి మిగిలినవి తీసేయండి. నాలుగు స్లాట్‌లున్న బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదైన ఏ2లోనే ఒంటి స్టిక్ పెట్టమంటారు. రెండు స్టిక్‌లైతే ఏ2, బీ2, అంటే రెండు, నాలుగు స్లాట్‌లు. ఒకే స్లాట్‌లో ఒక్కో స్టిక్‌ను మార్చి చూడాలి, ఆపైన బాగున్న స్టిక్‌తో ఒక్కో స్లాట్‌ను చూడాలి. రెండూ ఒకేసారి మార్చితే ఏది దోషో ఎప్పటికీ తేలదు. స్లాట్ మారినా ఒకే స్టిక్ దగ్గర బీప్ వస్తే స్టిక్‌దే తప్పు. స్టిక్ మారినా ఒకే స్లాట్ దగ్గర వస్తే స్లాట్‌దో, దాని వెనక ఉన్నదానిదో.

ఆ వెనక ఉన్నది చాలామంది ఊహకు అందదు. ఒకప్పుడు మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ను నడిపే భాగం) మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చేశాయి. అప్పటినుంచి ర్యామ్ స్లాట్ తీగలు నేరుగా ప్రాసెసర్ సాకెట్‌కే పోతాయి. సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా, కూలర్ స్క్రూలు ఒకవైపు ఎక్కువ బిగించి ప్రాసెసర్ మీద ఒత్తిడి ఓరగా పడినా, ఒక ఛానల్ (ప్రాసెసర్‌కు ర్యామ్‌తో ఉన్న ఒక దారి) స్లాట్‌లు రెండూ పనిచేయకుండా పోతాయి. ప్రాసెసరో కూలరో మార్చిన తర్వాతే ర్యామ్ బీప్ మొదలైతే ముందు ఆ స్క్రూలు వదులు చేసి, ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించి చూడాలి.

ఖర్చులేని మరో పరీక్ష: ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. మెమరీ లేదన్న బీప్ వస్తే ఎస్‌ఎంపీఎస్, బయాస్, ప్రాసెసర్ కనీసం ప్రాణంతో ఉన్నట్టే. స్పీకర్ ఉండి కూడా నిశ్శబ్దంగా ఉంటే ర్యామ్ మీద డబ్బు పెట్టే ముందు పవర్, బోర్డు వైపు చూడాలి.

కొత్త ర్యామ్ వేశాక బీప్ మొదలైతే పొసగడం లేదేమోనన్నదే మొదటి అనుమానం. డీడీఆర్3 ల్యాప్‌టాప్‌లలో కొన్ని 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ స్టిక్‌నే ఒప్పుకుంటాయి, 1.5 వోల్టులది పెడితే లేవవు. ఇంటెల్ జీ41 వంటి పాత చిప్‌సెట్ 8 చిప్పులున్న 4 జీబీ డీడీఆర్3 స్టిక్‌ను గుర్తించదు, 16 చిప్పులున్నది కావాలి. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు డెస్క్‌టాప్‌లో పనిచేయదు. చౌకగా దొరుకుతోందని కొని మోసపోయేది ఎక్కువగా దీంతోనే. వేర్వేరు వేగాల స్టిక్‌లు కలిపితే, పనిచేసినంతవరకు, అన్నీ నిదానమైనదాని వేగంతోనే నడుస్తాయి. ర్యామ్‌ను పెట్టె మీది వేగంతో నడిపే బయాస్ సెట్టింగు (ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో) ఆన్ చేశాక లేవకపోతే స్టిక్ తప్పు కాకపోవచ్చు. పెట్టె మీద రాసిన పెద్ద అంకె ఓవర్‌క్లాక్ వేగం, అంటే మామూలుకు మించి పరిగెత్తించే వేగం. దాన్ని అన్ని ప్రాసెసర్లూ మోయలేవు.

అప్పుడు బయాస్ సెట్టింగులు చెరపాలి. కరెంటు తీసి, సీఆర్2032 బటన్ బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ నొక్కి, కొన్ని నిమిషాలాగి మళ్లీ పెట్టాలి. సెట్టింగులు చెరిపే పిన్నుల జత (జంపర్) ఉంటే మాన్యువల్‌లో చెప్పినట్టు కలపాలి. దీంతో గడియారంతో పాటు బూట్ మోడ్, డిస్క్ మోడ్ సెట్టింగులు కూడా పోతాయి. సిస్టమ్ లేస్తున్నప్పుడే వాటిని ఫోటో తీసి ఉంచుకోవాలి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో లేకుండా ఈ పనికి దిగొద్దు.

బీప్ కొట్టే ర్యామ్ నయం, కనీసం సంగతి చెబుతుంది. బీప్ లేకుండా సిస్టమ్ లేచి, లోపల తప్పులు చేసే ర్యామ్‌తోనే అసలు నష్టం. బయాస్ చేసేది పైపై పరీక్ష. కోట్ల కణాల్లో ఒకటి రెండు చెడితే అది పసిగట్టదు. లక్షణాలు వేరేలా బయటపడతాయి: ఒక్కోసారి ఒక్కో పేరుతో నీలితెర (మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా వంటివి), బాగున్న జిప్ ఫైలు విప్పితే సీఆర్‌సీ తప్పు (ఫైలు చెడిందన్న సందేశం), విండోస్ ఇన్‌స్టాల్ ప్రతిసారీ వేరే శాతం దగ్గర ఆగిపోవడం. ఫార్మాట్ కొట్టినా రెండు రోజుల్లో మళ్లీ మొదటికొస్తే ఇక నాలుగోసారి ఫార్మాట్ వద్దు, మెమరీ పరీక్షించండి. అంతవరకు ముఖ్యమైన ఫైళ్లు ఆ సిస్టమ్‌లో కాపీ చేయడం, బ్యాకప్ తీయడం కూడా ఆపాలి. డిస్క్ మీదికి పోయే ప్రతి బైటూ ముందు ర్యామ్‌లోంచే పోతుంది, చెడిన బైటు చెడినట్టే బ్యాకప్‌లోకి చేరుతుంది. హార్డ్ డిస్క్ విప్పి మరో సిస్టమ్‌కు తగిలించి బ్యాకప్ తీసుకోవచ్చు.

విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. పరీక్ష మొదలయ్యాక ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోవాలి. ఫలితం ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్ పేరుతో ఉంటుంది. అది తప్పు చూపితే నమ్మవచ్చు, బాగుందంటే మాత్రం పూర్తిగా నమ్మలేం. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86 ప్లస్ ఇంకా గట్టి పరీక్ష. మొదటిదాని ఉచిత వెర్షన్ 4 పాస్‌ల దాకా నడుస్తుంది. ర్యామ్ ఎక్కువగా ఉంటే గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి వదిలేయడమే. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే, 'ఒక్కటే కదా' అనడానికి లేదు. మెమ్‌టెస్ట్86లో 13వ పరీక్ష ఒక్కదానిలోనే తప్పులు వస్తే మాత్రం కొంత వేరుగా చూడాలి. అది పక్క వరసలను పదేపదే తట్టి పరీక్షించే కృత్రిమమైన పరిస్థితి, రోజువారీ వాడకంలో ఎదురుకాకపోవచ్చు. ఎర్రర్లు వచ్చాక ముందు ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ నడపాలి, ఆపైన ఒక్కో స్టిక్‌ను విడిగా నడపాలి. చెడిన స్టిక్ ఏదో తేలాక దాని మీది స్టిక్కర్ పీకొద్దు, వారంటీ దాని మీదే ఆధారపడి ఉంటుంది. జంటగా కొన్నవైతే చాలా కంపెనీలు రెండూ పంపమంటాయి.

8 జీబీ వేస్తే 3 చిల్లరే కనబడుతోందన్న ఇంకో ప్రశ్న కూడా తరచూ వస్తుంది. అది ఎక్కువగా 32 బిట్ విండోస్ పరిమితి, ర్యామ్ లోపం కాదు. 64 బిట్ అయినా సగమే కనబడితే రెండో స్టిక్ దిగిందో లేదో చూడాలి, తర్వాత విండోస్ బూట్ సెట్టింగులుండే ఎంఎస్ కాన్ఫిగ్‌లో మ్యాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉంటే తీసేయాలి. బోర్డులోని గ్రాఫిక్స్ కోసం కొన్ని వందల ఎంబీ తగ్గడం మామూలే.

మీకు ఒక విన్నపం. ఆ పట్టికకు సవరణ వేసేటప్పుడు అది అవార్డ్ బయాస్‌కు మాత్రమే వర్తిస్తుందని రాయండి. ఇకమీదట ఇలాంటి ప్రశ్నలు పంపేవారిని మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ మోడల్, బీప్ వరస, వెలిగే లైట్లు, ఎన్ని స్టిక్‌లు ఏ స్లాట్‌లలో ఉన్నాయి, సమస్యకు ముందు ఏం మార్చారు అన్నవి తప్పక రాయమని శీర్షిక కిందే అడగండి. ఇందులో చివరిదానికి జవాబు ఉంటే సగం ప్రశ్నలకు మీ నిపుణుల దాకా వెళ్లాల్సిన పనే ఉండదు.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్